బీపీ మందుకు 104 బండా, ఊళ్లో క్లినిక్కా?

గోదావరి పాయల మధ్య ఉన్న కోనసీమ లంక ఊళ్లలో బీపీ మందు అందడానికి రెండు దారులున్నాయి. ఊరూరా తిరిగే సర్కారు వైద్య వాహనం, 104 బండితో డాక్టరు వస్తారు కాబట్టి కొత్త రోగికి మోతాదు నిర్ణయించడానికి అదే మేలు. చిక్కల్లా తేదీతోనే, బండి ముందే అనుకున్న రోజునే వస్తుంది. ఆ రోజు వరదొచ్చి పడవ ఆగినా, రోగి కోతలకు వెళ్లినా, ఇంట్లో ఉన్న 30 మాత్రలూ అయిపోతాయి. తల తిరగడం లేదు కదా అని మానేస్తారు, బీపీ మళ్లీ 140/90 దాటుతుంది. పక్షవాతం ముప్పు పెరిగేది ఇలాగే.

విలేజ్ క్లినిక్‌లో డాక్టరు ఉండరు, నర్సింగ్ చదివిన ఆరోగ్య కార్యకర్త ఉంటారు. కానీ పనిరోజుల్లో తలుపు తెరిచే ఉంటుంది, మందుకు రానివాళ్ల ఇంటికి ఆశాను పంపొచ్చు. అక్కడ జరిగే పొరపాటు కొలతలో: 5 నిమిషాలు కూర్చోబెట్టకుండా, చొక్కా మీదే పట్టీ కడితే అంకె తప్పుతుంది.

మందు మొదలుపెట్టడం బండికి, కొనసాగించడం క్లినిక్‌కి వదలాలి. జూలై వరదలకు ముందే అక్కడ 2 నెలల మాత్రలు నిల్వ చేయాలి.