ఊరు ఖాళీ చేయించి తీసిన తుపాను: 'ద హరికేన్ హైస్ట్'

2018లో వచ్చిన ఇంగ్లీషు సినిమా 'ద హరికేన్ హైస్ట్' చూసినవాళ్లలో రెండు జట్లు కనిపిస్తాయి. దొంగతనం సినిమా అనుకుని కూర్చున్నవాళ్లు అరగంటకే పెదవి విరుస్తారు. తుపాను సినిమా అనుకున్నవాళ్లు చివరిదాకా కదలరు. నేను రెండో జట్టు మనిషిని. విడుదలైన కొత్తలో చూశాను, ఆ తర్వాత కూడా ఏటా వాయుగుండాల కాలం వచ్చేసరికి మా ఇంట్లో ఎవరో ఒకరు మళ్లీ పెడుతూనే ఉన్నారు. ఇన్నిసార్లు చూశాక కూడా ఈ సినిమా మీద నా ఇష్టం తగ్గలేదు, కోపమూ తగ్గలేదు. రెండింటికీ కారణం ఒకటే, అందులోని ఖాళీ ఊరు.

కథ చిన్నది. అమెరికా దక్షిణ తీరంలో, అలబామా రాష్ట్రంలో గల్ఫ్‌పోర్ట్ అనే ఊరు. నిజానికి ఆ పేరున్న ఊరు పక్కనే ఉన్న మిసిసిపీలో ఉంది, దాన్ని సినిమావాళ్లు ఇటు జరిపారు. అక్కడి ఖజానా కేంద్రంలో 60 కోట్ల డాలర్ల పాత నోట్లు ముక్కలు చేయడానికి సిద్ధంగా ఉన్నాయి. అన్నిటికన్నా తీవ్రమైన అయిదో శ్రేణి తుపాను వస్తోందని ఊరంతా ఖాళీ చేయించారు. ఆ సందులో లోపలి మనిషే దొంగలను తీసుకొస్తాడు. ఇనుప గది తెరిచే అంకెలు కేసీ అనే అధికారిణి ఒక్కతెకే తెలుసు. ఆమె ఆ సమయానికి బయట ఉంటుంది. వాతావరణ శాస్త్రవేత్త విల్, జనరేటర్లు బాగుచేసే అతని అన్న ఈ గొడవలో చిక్కుకుంటారు.

నోట్ల సంగతిలో ఒక మెచ్చుకోలు చెప్పాలి. అమెరికా నోటు ఏదైనా సుమారు ఒక గ్రాము తూగుతుంది. 60 కోట్ల డాలర్లు అన్నీ వంద డాలర్ల నోట్లే అనుకున్నా 60 లక్షల నోట్లు, అంటే ఆరు టన్నులు. ఇరవై డాలర్ల నోట్లయితే ముప్పై టన్నులు. చాలా సినిమాల్లో ఇంతటి సొమ్మును రెండు సంచుల్లో కుక్కి భుజాన వేసుకుని పారిపోతారు. ఇక్కడ దొంగలు పెద్ద పెద్ద లారీలతో వస్తారు. చివరి వేట అంతా లారీల మీద నడవడానికి కారణం ఈ బరువే. అమెరికాలో నలిగిన నోట్లను ముక్కలు చేసే పని నిజానికి ఫెడరల్ రిజర్వు బ్యాంకులది, మన దగ్గర రిజర్వు బ్యాంకు చేసినట్టే. ఆ తేడాను పట్టించుకోనక్కర్లేదు.

దీని ఖర్చు మూడున్నర, నాలుగు కోట్ల డాలర్ల మధ్య అని అప్పట్లో వార్తలు వచ్చాయి. మనకు అది పెద్ద మొత్తంలా వినిపిస్తుంది కానీ, హాలీవుడ్‌లో ప్రళయం సినిమాలకు పది, పదిహేను కోట్ల డాలర్లు పెట్టడం మామూలే. అందుకే అలబామాను బల్గేరియాలో కట్టారు. అందుకే ఊళ్లో జనం ఉండరు. పరుగులు తీసే గుంపులు, మునిగిపోయే బస్తీలు తీయాలంటే డబ్బు కావాలి. ఊరు ఖాళీ చేయిస్తే ఆ ఖర్చు లేదు. దర్శకుడు రాబ్ కోహెన్ మిగిలిన డబ్బంతా గాలి మీద, నీళ్ల మీద పెట్టాడు. ఆ సంగతి ప్రతి ఫ్రేములో తెలుస్తుంది. నటుల కళ్లు నిజంగానే మూసుకుపోతుంటాయి, బట్టలు తడిసి బరువెక్కి వేలాడుతుంటాయి, కారు తలుపు తెరవడానికి రెండు చేతులూ చాలవు.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ కథ తనకు తాను పెట్టుకున్న నియమం. విల్ చేతిలో తుపాకీ కన్నా గాలే పెద్ద ఆయుధం. అతను గాలి ఎటు వీస్తోందో చూసి, దానికి ఒక వస్తువును అందిస్తాడు. వీల్ క్యాపుల (కారు చక్రాల మీది మూతల) సన్నివేశం చూడండి. అతను వాటిని గట్టిగా విసరడు, గాలి దారిలోకి వదులుతాడంతే. మిగతా పని గాలి చేస్తుంది. ఆ కొద్ది క్షణాల్లో అతని చూపు శత్రువు మీద కాక గాలి మీద ఉంటుంది. ఆ చూపు కోసమే నేను ఆ ఘట్టాన్ని వెనక్కి తిప్పి మళ్లీ చూస్తాను. వాతావరణ శాస్త్రం చదివినవాడు కథానాయకుడైతే అతని బలం ఇలాగే ఉండాలి.

దుకాణాల సముదాయంలో పైకప్పు అద్దాలు పగలగొట్టగానే మనుషులు పైకి లేచిపోయే సన్నివేశం దగ్గర మాత్రం మా ఇంట్లో ఎప్పుడూ వాదన జరుగుతుంది. భీకర తుపాను నడిబొడ్డున కూడా గాలి పీడనం మామూలుకన్నా పదో వంతు తగ్గడం గొప్ప. ఆ తగ్గడమైనా గంటల తరబడి మెల్లగా జరుగుతుంది, భవనం లోపలి పీడనం కూడా దానితోపాటే తగ్గుతుంది. పైకప్పు మీదుగా దూసుకుపోయే గాలి రేకులను పీకేస్తుంది, ఆ మాట నిజం. మనుషులను గాలిపటాల్లా ఎగరేయదు. అయినా తాళ్లు కట్టుకుని వేలాడే ఆ దృశ్యం తీసిన తీరు గొప్పది. తెలిసి తెలిసీ నమ్మేస్తాను.

మా నాన్న విద్యుత్ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీద తీరం దాటినప్పుడు మేమంతా అక్కడే ఉన్నాం. ఈ సినిమా చూసిన ప్రతిసారీ ఆయన ఫిర్యాదు ఒకటే: "అంత గాలిలో పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. వీళ్లు అన్ని కబుర్లు ఎలా చెప్పుకుంటున్నారు?" ఆ రోజు ఒకే గదిలో ఉండి మేము సైగలతో మాట్లాడుకున్నాం. అది గుర్తున్నవాళ్లకు ఇందులోని సంభాషణలు కుదరవు. పైగా ఆ సంభాషణల్లో పస కూడా తక్కువే. కేసీ తన పాత తప్పు గురించి చెప్పుకునే చోట ఏ పాత్ర నోట పెట్టినా సరిపోయే వాక్యాలే ఉన్నాయి.

తుపాను కన్ను, అంటే నడిమధ్య గాలి ఆగిపోయి ఉండే చోటు, విషయంలో నాన్న కూడా మెచ్చుకున్నారు. ఆ రోజు మాకు గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. వీధిలోకి వెళ్లబోయిన పక్కింటి అబ్బాయిని "ఆగు, ఇంకా అయిపోలేదు" అని నాన్నే కేకేసి ఆపారు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మొదలైంది. సినిమా చివర్లో లారీలు పరుగెత్తేది ఈ కన్ను లోపలే. పైన ఎండ, వెనక కొండలా తరుముకొచ్చే మేఘాల గోడ. లెక్క ప్రకారం తుపాను మామూలుగా గంటకు పదిహేను, ముప్పై కిలోమీటర్ల మధ్య కదులుతుంది, సైకిల్ మీద వెళ్లే మనిషి కూడా దాదాపు తప్పించుకోవచ్చు. లారీలను తరిమే వేగం దానికి ఎక్కడిది? అయినా ఎండకూ చీకటికీ మధ్య ఆ గీతను తెర మీద అంత స్పష్టంగా చూపించడం నాకు ఎంతో నచ్చింది.

ఇక కోపం సంగతి. సినిమా 1992 నాటి ఆండ్రూ తుపానుతో మొదలవుతుంది. అన్నదమ్ముల కళ్ల ముందే తండ్రి చనిపోతాడు, మేఘాల్లో పుర్రె ఆకారం కనిపిస్తుంది. ఆ పుర్రె అవసరం లేదు. తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడి ముఖం మీద కెమెరాను ఇంకొన్ని క్షణాలు ఉంచితే చాలు. ఆ తర్వాత సినిమా మొత్తంలో తుపాను వల్ల ఏ మామూలు కుటుంబానికీ ఏమీ పోదు. ఇళ్లు కూలతాయి, అవి ఎవరివో తెలియదు. మా వీధిలో చెట్లన్నీ పోయాయి, కరెంటు రావడానికి రోజులు పట్టింది, మంచినీళ్ల కోసం బిందెలతో నిలబడ్డాం. వాటిలో ఒక్కటైనా, ఊరు వదలని ఒక్క ముసలావిడ అయినా ఇందులో ఉండి ఉంటే, గాలి మీద పెట్టిన అంత శ్రమకూ బరువు వచ్చేది. ఒక్క పాత్రకు పెద్ద ఖర్చేమీ కాదు.

నటుల్లో, ఆ లోపలి మనిషిగా వేసిన రాల్ఫ్ ఇనెసన్‌కే నా ఓటు. ఆ బొంగురు గొంతు గాలి హోరు మీద కూడా నిలబడుతుంది. కాపలావాళ్లను చంపకుండా మత్తు సూదులతో పడగొట్టే దొంగ మెల్లమెల్లగా ఎంతకు దిగజారతాడో అతను బాగా చూపించాడు. విల్‌గా టోబీ కెబెల్ బ్రిటన్‌వాడు, అన్నగా రయాన్ క్వాంటెన్ ఆస్ట్రేలియావాడు. ఇద్దరి అమెరికా దక్షిణాది యాస అక్కడక్కడ జారిపోతుంది. కేసీగా మ్యాగీ గ్రేస్ పోరాటాల్లో చురుగ్గా ఉంది. చూడాలనుకుంటే ఫోనులో వద్దు, పెద్ద తెర మీద, మంచి స్పీకర్లు పెట్టుకుని చూడండి. శబ్దం తగ్గిస్తే ఇందులో మిగిలేది ఆ బలహీనమైన మాటలే.