రాయి ఎంత గట్టిదో, ఎలా పగులుతుందో తెలియాలంటే రాయిని ల్యాబ్‌కు తేవాలా, మనమే గనిలోకి దిగాలా?

గుంటూరులో జియాలజీ చదివే మా తమ్ముడికి ఇదే టెన్షన్.

ఖర్చు: కోర్ (డ్రిల్లుతో తీసిన గుండ్రటి రాతి కడ్డీ) ముక్కను ప్రెస్‌లో నొక్కి చూడటం చౌక. గనిలో లిఫ్టు, గాలి, పంపులు ఆగకుండా నడవాలి.

శ్రమ: 54 మిల్లీమీటర్ల కోర్‌కు రెండు చివరలూ నున్నగా అరగదీస్తే సగం పని అయిపోయినట్టే.

నిజం: అసలు తేడా ఇక్కడే. ఇంద్రకీలాద్రిపై వానలకు బండలు ఊడేది పగుళ్ల వెంట. అరచేతిలో ముక్కకు ఆ పగుళ్లెక్కడివి? అమెరికాలోని శాన్‌ఫర్డ్ భూగర్భ ల్యాబ్ పాత బంగారు గనిలో, 1,478 మీటర్ల లోతున ఉంది. అక్కడ పైరాతి బరువు వల్ల పడే ఒత్తిడే సుమారు 40 మెగాపాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే యూనిట్). అక్కడి పరిశోధకులు బోర్లలోకి నీళ్లు ఒత్తి, రాయి చిట్లే సన్నటి చప్పుళ్లను సెన్సర్లతో పట్టారు.

ప్రమాదం: కోలార్ గనుల్లో ఒత్తిడికి రాళ్లు పేలేవి. ల్యాబ్‌లో కళ్లద్దాలు చాలు.

డిగ్రీ ప్రాజెక్టుకైతే కోర్ చాలురా తమ్ముడూ. లోతు సొరంగం డిజైన్ చేసేవాళ్లు మాత్రం దిగాల్సిందే.