పిరమిడ్లకు ఒక పూట చాలు, బస మాత్రం కైరో నడిబొడ్డున

ఈజిప్టు ప్యాకేజీలన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. పిరమిడ్లు కనబడే గీజా హోటలు, మ్యూజియం, ఖాన్ ఎల్ ఖలీలీ బజారు, తెల్లారితే లక్సర్ విమానం. కైరో నడిబొడ్డును బస్సు అద్దంలోంచి చూపించి అయిందనిపిస్తారు. మా వారికి చరిత్ర పిచ్చి, నాకు నడక పిచ్చి. అందుకని గీజాకు ఒక పూట ఇచ్చి మిగతా టైమంతా ఊళ్లోనే ఉన్నాం. కైరోలో ఒక సంగతి గమనించాం: ప్రభుత్వం మారిందంటే పేర్లు మారతాయి, ఆ వెనకే విగ్రహాలు, మమ్మీలు కూడా కదులుతాయి. ఏది ఎక్కణ్నుంచి ఎక్కడికి కదిలిందో వెతుక్కుంటూ తిరిగితే ఈ దేశపు రాజకీయం సగం అర్థమైపోతుంది.

ముందు బస సంగతి. తలాత్ హర్బ్ వీధికి దగ్గర్లో ఓ పాత భవనం, పై అంతస్తులో చిన్న హోటలు. 1869లో సూయజ్ కాలువ తెరిచిన ఖెదివ్ (ఈజిప్టు పాలకుడి బిరుదు) ఇస్మాయిల్ పారిస్‌ను చూసి కట్టించడం మొదలుపెట్టిన పేట ఇది. ఆ దర్జాకు చేసిన అప్పులే చివరికి దేశాన్ని బ్రిటిష్ వాళ్ల చేతిలో పెట్టాయి. గది ఎత్తుగా, గాలి ధారాళంగా ఉంది. కటకటాల లిఫ్టుకు రెండు తలుపులు, రెండూ బిగించి మూస్తేనే కదులుతుంది. పైన దిగినవాళ్లెవరైనా తలుపు వదిలేసి పోతే కింద నిలబడ్డవాళ్లు కటకటాలు చరుస్తూ కేకలు పెడతారు. వేడినీళ్లు పొద్దున వస్తే సాయంత్రం రావు. అర్ధరాత్రి దాటినా హారన్లు ఆగవు. నిద్ర తేలిగ్గా చెదిరేవాళ్లు వీధివైపు గది తీసుకోకండి. ఇన్ని లోపాలున్నా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను, ఎటు వెళ్లాలన్నా కాలినడకే సరిపోతుంది కాబట్టి.

హోటలు వాళ్లు ధర డాలర్లలో చెబుతారు. కారణం ఉంది. 2024 మార్చి 6న ప్రభుత్వం ఈజిప్టు పౌండు మీద పట్టు వదిలేసేసరికి డాలరు విలువ ఒక్క రోజులో 31 పౌండ్ల నుంచి 50 దగ్గరికి వెళ్లింది. మనలాంటి వాళ్లకు అంతా చవగ్గా అనిపిస్తుంది గానీ, కౌంటర్లో కూర్చునే కుర్రాడికి జీతం పౌండ్లలోనే వస్తుంది. అదే ఏడాది జూన్‌లో సబ్సిడీ రొట్టె ధర 5 పియాస్టర్ల (పౌండులో నూరో వంతు) నుంచి 20కి పెరిగింది. మూడు దశాబ్దాలకు పైగా ఏ ప్రభుత్వమూ ఆ ధర జోలికి పోలేదు. 1977 జనవరిలో అప్పటి అధ్యక్షుడు సాదాత్ సబ్సిడీలు కోయబోతే జనం రోడ్ల మీదికొచ్చారు, ఆయన వెనక్కి తగ్గాల్సి వచ్చింది. ఆ భయం అన్నేళ్లు పనిచేసింది.

తిరగడానికి మెట్రోను మించింది లేదు. 2024 ఆగస్టు పెంపుతో తొమ్మిది స్టేషన్ల లోపు టికెట్ 8 పౌండ్లయింది. అంటే మన డబ్బుల్లో సిటీ బస్సు ఛార్జీ అంత. మధ్యలో రెండు పెట్టెలు ఆడవాళ్లకే. నేను వాటిలోనే ఎక్కేదాన్ని, మా వారు ఇంకో పెట్టెలో వేలాడేవారు. హెయిర్ క్లిప్పులు, కాటుక అమ్మేవాళ్లు పెట్టెలో అటూ ఇటూ తిరుగుతారు. ఒకావిడ నన్ను అడక్కుండానే ఒళ్లో క్లిప్పుల అట్ట పెట్టేసి ముందుకు పోయింది, తిరిగొచ్చేటప్పుడు డబ్బులో అట్టో ఏదో ఒకటి తీసుకుంటుందట. పక్కనున్న అమ్మాయి సైగలతో చెప్పింది. ట్యాక్సీ యాప్‌లు పనిచేస్తాయి గానీ, బుక్ చేశాక డ్రైవర్ ఫోన్ చేసి ఇంకొంచెం ఇస్తారా అని అడగడం మామూలే.

ఒకటో లైనులో వరుసగా వచ్చే అయిదు స్టేషన్లు సాద్ జగ్లూల్ (స్వాతంత్ర్య పోరాట నాయకుడు), సాదాత్, నాసర్ (సాదాత్‌కు ముందటి అధ్యక్షుడు), ఒరాబీ, షొహదా (అంటే అమరులు). కాలక్రమం తారుమారే అయినా ఆధునిక ఈజిప్టు చాలావరకు అందులోనే ఉంది. ఒరాబీ 1881లో అబ్దీన్ ప్యాలెస్ ముందు అప్పటి ఖెదివ్‌ను నిలదీసిన సైనికాధికారి. మరుసటి ఏడాది తెల్ ఎల్ కెబీర్‌లో ఓడిపోయి సిలోన్‌కు ప్రవాసం వెళ్లాడు. ఆయన్ని ఓడించిన బ్రిటిష్ సైన్యంలో మన దేశపు దళాలూ ఉన్నాయి.

అన్నిట్లోకి నాకు నచ్చింది సాద్ జగ్లూల్ స్టేషన్ దగ్గరి బైత్ ఎల్ ఉమ్మా, అంటే జగ్లూల్ ఇల్లు. 1919లో బ్రిటిష్ వాళ్లు జగ్లూల్‌ను మాల్టాకు పంపేస్తే దేశమంతా అట్టుడికింది. ఆ ఇల్లే ఇప్పుడు మ్యూజియం. జనం లేరు, తొందరపెట్టేవాళ్లూ లేరు. ఆయన భార్య సఫియా 1946లో పోయేదాకా అక్కడే ఉంది. దగ్గర్లోనే ఫారోల గుడిలా కట్టిన ఆయన సమాధి. అది తయారయ్యేసరికి గద్దె మీద ఉన్నది జగ్లూల్ పార్టీ వఫ్ద్‌కు గిట్టని ప్రధాని ఇస్మాయిల్ సిద్కీ. జగ్లూల్ భౌతికకాయాన్ని అక్కడికి చేర్చకుండా రాజుల మమ్మీలను తెప్పించి పెట్టించాడు. 1936లో వఫ్ద్ తిరిగొచ్చాకే మమ్మీలు మ్యూజియానికి, జగ్లూల్ తన సమాధికి చేరారు. 2021 ఏప్రిల్‌లో 22 మమ్మీలను రథాల్లాంటి బళ్ల మీద ఊరేగించి ఫుస్తాత్ మ్యూజియానికి తీసుకెళ్లడం మీరు టీవీలో చూసే ఉంటారు. రాజకీయం కోసం ఊరు తిరగడం వాటికి కొత్తేమీ కాదన్నమాట.

తహ్రీర్ మైదానం మాత్రం నిరాశే. 2011లో పద్దెనిమిది రోజులు జనం కూర్చుని అధ్యక్షుడు ముబారక్‌ను దించింది ఇక్కడే. ఇప్పుడు మధ్యలో ఫారో రెండో రామ్సెస్ స్తంభం, దాని చుట్టూ కర్నాక్ నుంచి తెచ్చిన నాలుగు పొట్టేలు తలల సింహాలు. 2011కు గుర్తుగా మాకు ఏదీ కనబడలేదు. జనం తగలబెట్టిన ముబారక్ పార్టీ ఆఫీసును 2015లో కూల్చేశారు. మఫ్టీ వాళ్లు ఎక్కువ. పోలీసులను, ప్రభుత్వ భవనాలను ఫొటో తీయకండి. కింద సాదాత్ స్టేషన్‌ను కూడా 2013 ఆగస్టులో మూసి 2015 జూన్‌లో గానీ తెరవలేదు. తహ్రీర్ చూసి మన హైదరాబాద్‌లో 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ చేశారు. ఆ రోజు ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు కూలాయి. ఆ సంగతి మా వారు ఎత్తితే నేనే ఆపాను, అక్కడ నిలబడి గట్టిగా రాజకీయం మాట్లాడటం మంచిది కాదని.

ఎవరినీ రాజకీయం అడక్కండి కూడా. అనుమతి లేని నిరసనలను నేరం చేసిన చట్టం 2013 నవంబర్ నుంచి ఉంది, చాలామంది జైళ్లు చూశారు. ఇండియా అనగానే వాళ్లే అమితాబ్ బచ్చన్ దగ్గర మొదలుపెడతారు. అక్కణ్నుంచి ధరల మీదికి మాట దానంతటదే వస్తుంది.

షొహదా స్టేషన్ పేరు 2011కు ముందు ముబారక్. పైన రైల్వే స్టేషన్ కూడలి. 1928లో అక్కడ మహమూద్ ముఖ్తార్ చెక్కిన ‘నహ్దత్ మిస్ర్’ (ఈజిప్టు మేల్కొలుపు) విగ్రహం నిలిపారు: స్ఫింక్స్ పక్కన నిలబడి మేలిముసుగు ఎత్తుతున్న పల్లెటూరి స్త్రీ. 1955లో నాసర్ ప్రభుత్వం ఆమెను కైరో యూనివర్సిటీ ముందుకు పంపి ఆ చోట రామ్సెస్ విగ్రహాన్ని నిలబెట్టింది. 2006లో రామ్సెస్‌కూ స్థానభ్రంశమే. ఇప్పుడు ఆయన గీజాలోని గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం హాల్లో ఉన్నాడు. 2025 నవంబర్‌లో లాంఛనంగా తెరిచిన ఈ మ్యూజియం నిజంగానే గొప్పది, టూటన్‌ఖామున్ సంపదంతా ఒకేచోట ఉంది. టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకుని, పొద్దున్నే వెళ్లండి. ముఖ్తార్ విగ్రహానికి టికెట్టూ లేదు, క్యూ కూడా లేదు. నాకైతే అదే ఎక్కువ నచ్చింది.

నస్ర్ సిటీలో సాదాత్ సమాధి దగ్గర అరగంట చాలు. 1981 అక్టోబర్ 6న ఆయన్ని కాల్చిన పరేడ్ వేదిక రోడ్డుకు అవతలే. ఊరికి 45 కిలోమీటర్ల దూరంలో కడుతున్న కొత్త రాజధాని అర పూట దండగ. వెడల్పాటి రోడ్లు, ఎత్తైన టవర్లు, నడిచే మనిషి అరుదు.

శాకాహారులకు ఇబ్బంది లేదు. కొషరీ (అన్నం, పప్పు, మాకరోనీ కలిపినది), ఫూల్ (ఉడికించిన చిక్కుడు గింజలు) ఎక్కడైనా దొరుకుతాయి. చిక్కుళ్ల జాతి గింజలు రుబ్బి వేయించే తామెయా మన మసాలా వడకు దగ్గర, కాకపోతే లోపల పచ్చగా ఉంటుంది. పచ్చడి సీసా తీసుకెళ్తే సరి. బక్షీష్ కోసం చిన్న నోట్లు దగ్గరుంచుకోండి.

జనవరిలో వెళ్లేవాళ్లు 25వ తేదీ సంగతి చూసుకోండి. 1952లో ఇస్మాయిలియాలో బ్రిటిష్ వాళ్ల చేతిలో చనిపోయిన పోలీసుల పేరిట అది పోలీస్ డే. 2011లో ముబారక్ మీద తిరుగుబాటు మొదలుపెట్టడానికి కుర్రాళ్లు కావాలనే ఆ రోజు ఎంచుకున్నారు. అందుకే ఆ చుట్టుపక్కల రోజుల్లో నడిబొడ్డున తనిఖీలు పెరుగుతాయి, ఫోన్లు కూడా తెరిపించి చూస్తారు. లక్సర్, అస్వాన్ ప్రయాణం ఆ వారంలో పెట్టుకుని కైరోకు తర్వాత రండి.