ఫొటో మీద రంగు లాగేవాళ్లకి: ఫొటో ర్యాగ్ 308 పేపర్ రివ్యూ

2011 మార్చి 10, మిలియన్ మార్చ్. ఆ రోజు ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు కూల్చిన తర్వాత మిగిలిన ఖాళీ దిమ్మె ఫొటో ఒకటి ఉందనుకోండి. విగ్రహం ఉండాల్సిన చోట ఒక్క ఎర్రచార లాగితే అదో రాజకీయ ప్రశ్న. ఆ ఎరుపు దిమ్మె మీదికి పాకిందా, అర్థమే మారిపోతుంది. అందుకే ఫొటో ప్రింట్ మీద యాక్రిలిక్ రంగు లాగే ఈ రకం పనిలో కాగితం ఎంపిక చాలా ముఖ్యం. జర్మనీ కంపెనీ హానెమ్యూలె తయారుచేసే ఫొటో ప్రింట్ కాగితం ఫొటో ర్యాగ్ 308 ఇక్కడ బాగా నిలబడుతుంది.

పూర్తి కాటన్, 308 జీఎస్ఎం (చదరపు మీటరుకి 308 గ్రాములు), మ్యాట్, అంటే మెరుపు లేనిది. ఫొటో మెరవదు, పైన వేసిన యాక్రిలిక్ మాత్రమే మెరుస్తుంది. ఫొటో ఎక్కడ ఆగిందో, రంగు ఎక్కడ మొదలైందో పక్క నుంచి చూసినా తెలుస్తుంది. ప్లాస్టిక్ పొర ఉన్న గ్లాసీ పేపర్‌కి యాక్రిలిక్ సరిగా అంటుకోదు. ఆరాక గోటితో లాగితే మీగడలా ఊడొస్తుంది.

లోటల్లా పై కోటింగ్ మరీ సున్నితం. తడి బ్రష్‌తో ఒకేచోట రుద్దితే ఫొటోలోని నలుపు లేచి, పైన వేసే పసుపు రంగుని బురద చేస్తుంది. డై ఇంకు (నీళ్లలో కరిగే రంగు) అయితే నీళ్లకే కారిపోతుంది కాబట్టి పిగ్మెంట్ ఇంకుతోనే (కరగని సన్నని రంగు పొడి ఉన్నది) ప్రింట్ వేయించండి. ఒకరోజు ఆరనిచ్చి, 30 సెంటీమీటర్ల దూరం నుంచి మ్యాట్ యాక్రిలిక్ వార్నిష్ స్ప్రే పల్చగా మూడు కోట్లు కొట్టండి. మన జులై, ఆగస్టు ముసుర్లో మాత్రం వద్దు, తేమకి తెల్లగా పొగచూరినట్టు అవుతుంది. వార్నిష్ పడ్డాక నలుపు ఇంకా చిక్కబడుతుంది. ఫైల్లో నీడల్ని కాస్త తేలిక చేసి, ముందు చిన్న ముక్క టెస్ట్ ప్రింట్ అడగండి.

రంగు లాగడానికి స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లు ఇంకు లాగడానికి వాడే రబ్బరు పట్టీ, స్క్వీజీ, చక్కగా సరిపోతుంది. స్టీలు బ్లేడు కోటింగ్‌ని గీరేస్తుంది.

జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ ల్యాబ్‌లో కడిగిన చిన్న ఫొటోల మీద ఆయిల్ రంగు లాగాడు కదా అని ఇక్కడ నేరుగా ఆయిల్ వేయకండి. నూనె కాటన్‌లోకి ఇంకి రంగు చుట్టూ పసుపు మరక కడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ కాగితం పెళుసవుతుంది. ఆయిలే కావాలంటే ముందు క్లియర్ యాక్రిలిక్ మీడియం (రంగు లేని యాక్రిలిక్ పూత) రెండు కోట్లు వేసి, బాగా ఆరనివ్వండి.

ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం రంగుకి తగలకుండా లోపల అంచుల్లో సన్నని బద్ద పెట్టించండి. మే ఎండలకి యాక్రిలిక్ మెత్తబడి అద్దానికి అతుక్కుంటే, విడదీసేటప్పుడు రంగుతోపాటు ఫొటో కూడా లేచొస్తుంది.