మాట తీరు దిద్దుకోవడానికి ఫోన్‌లోని వాయిస్ రికార్డర్ ఎంత పనికొస్తుంది?

ఫోన్‌తో పాటే వచ్చే వాయిస్ రికార్డర్‌ను చాలామంది తెరిచి కూడా చూడరు. మాట తీరు బాగుచేసుకోవాలనుకునేవాళ్లకు మేం ముందుగా చెప్పేది దాని గురించే. కాలర్ మైకు, డబ్బు కట్టే యాప్ తర్వాతి సంగతి. 128 కేబీపీఎస్ నాణ్యతలో (సెకనుకు 128 కిలోబిట్లు) రికార్డు చేస్తే నిమిషానికి సుమారు 1 ఎంబీ పడుతుంది, జాగా గురించి బెంగ అక్కర్లేదు.

ముందు సెట్టింగులు చూడండి. నాయిస్ తగ్గించే ఆప్షన్ ఉంటే ఆపండి, మెల్లగా పలికిన అక్షరాలు కూడా దాంతో కొట్టుకుపోవచ్చు. వినేటప్పుడు నిశ్శబ్దాన్ని దాటేసే ఆప్షన్ కొన్ని ఫోన్లలో ఉంటుంది, అదీ వద్దు. అది ఉంటే మీరెక్కడ ఆగారో తెలియదు. మైకు సాధారణంగా కింది అంచున, చార్జింగ్ పెట్టేచోటి పక్కన ఉంటుంది. దాన్ని నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉంచండి. ఎదురుగా పెడితే ప, బ, భ పలికినప్పుడల్లా గాలి కొట్టి టప్పుమంటుంది. టైల్స్ వేసిన ఖాళీ హాలు కన్నా పరుపు, బట్టలు ఉన్న గది మేలు.

ఏం మాట్లాడాలి? నల్లగొండ జిల్లావాళ్లకు సోమవారం ప్రజావాణిలో, అంటే అధికారులు జనం దగ్గర అర్జీలు తీసుకునేచోట, చెప్పుకునే మాట కన్నా మంచి కసరత్తు లేదు. పేరు, ఊరు, మండలం చెప్పి వెంటనే అడిగేది అడగాలి: "పాసుబుక్కుల మా నాయిన పేరు తప్పు పడ్డది, సరిచేయాలె సార్." ఎప్పటి నుంచి, ఇంతకుముందు ఎవరికి అర్జీ ఇచ్చిన్రు అన్నది ఆ తర్వాత. అంతా కలిపి ఒక్క నిమిషం. చాలామంది తాత కాలం నుంచి మొదలుపెట్టి అసలు పని చివర్న చెప్తారు. అప్పటికి వినే అధికారి చూపు వెనకున్న అర్జీదారు మీదికి పోతుంది.

మొదటిసారి వింటే "ఇది నా గొంతేనా?" అనిపిస్తుంది. మన గొంతు మనకు గాలి ద్వారానే కాక పుర్రె ఎముకల గుండా కూడా వినిపిస్తుంది, అందుకే మనకు బరువుగా తోస్తుంది. రికార్డింగులో ఆ ఎముకల వాటా ఉండదు. గొంతు బాగాలేదనుకుని ఇక్కడే మానేసేవాళ్లు ఎక్కువ, మానకండి. రాత్రి రికార్డు చేసి తెల్లారి వింటే పరాయివాళ్ల మాటలా వినగలుగుతారు.

ఒక్కోసారి ఒక్క సంగతే పట్టించుకుని వినాలి. ముందు ఊతపదాలు: "ఏందంటే", "అదే", "ఇగ", "మరి". వినపడ్డప్పుడల్లా కాగితం మీద గీత పెట్టండి. తర్వాతి వాక్యం సిద్ధంగా లేనప్పుడు ఇవి దూరతాయి. వాటి చోట నోరు మూసుకుని ఆగడమే మందు.

ఇంతకంటే పెద్ద లోపం వాక్యం చివర ఉంటుంది. మన భాషలో క్రియ చివరికొస్తుంది, అవునా కాదా అన్నది అక్కడే తేలుతుంది. "పైసలు ఇచ్చిన", "పైసలు ఇయ్యలే". "వచ్చిండు", "వచ్చిండా". ఊపిరి అయిపోయి ఆ చివర మింగేస్తే చెప్పిందంతా వృథా. ఫోన్ దగ్గరుంటే ఈ లోపం దొరకదు, చాలా ఫోన్లు తగ్గిన గొంతును వాటంతటవే పెంచుతాయి. ఫోన్‌ను 8 అడుగుల దూరంలో పెట్టి, ఈసారి ఫ్యాన్ వేసి, అదే నిమిషం మళ్లీ చెప్పండి. ఫ్యాన్ చప్పుడులో ఏ చివరలు మునిగాయో అవే మీరు మింగుతున్నవి. వాక్యాన్ని రెండుగా తెంచి మధ్యలో ఊపిరి తీసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

గూగుల్ వాళ్ల కీబోర్డు యాప్ జీబోర్డులో 2017 నుంచి ఉన్న తెలుగు వాయిస్ టైపింగ్‌ను రెండో పరీక్షగా వాడొచ్చు. ఊరి పేరు, సర్వే నంబరు, ఫోన్ నంబరు చెప్పి సరిగ్గా పడ్డాయో లేదో చూడండి. ఫోన్ నంబరును ఐదు, ఐదు అంకెలుగా విడగొట్టి చెప్పడం మేలు. "చేసిన్రు", "పోతున్న" లాంటి మాటల దగ్గర అది తడబడితే మీ యాసను మార్చుకోకండి, లోపం యంత్రానిది.

ఎదుటి మనిషితో సంభాషణకు రికార్డర్ అంతగా అక్కరకు రాదు. మధ్యలో అందుకోవడం, వినకుండా జవాబివ్వడం ఒంటరి రికార్డింగులో బయటపడవు. ఫోన్ మాట్లాడేటప్పుడు ఇంకో ఫోన్‌లో మీ వైపు మాట మాత్రమే రికార్డు చేసుకుంటే కొంత తెలుస్తుంది. అవతలివాళ్ల గొంతు కూడా పడేటట్టుంటే ముందే అడగండి.

నత్తి ఉన్నవాళ్లు దీన్నే నమ్ముకోకుండా స్పీచ్ థెరపిస్టును కలవాలి. గొంతు బొంగురు 3 వారాలు దాటినా తగ్గకపోతే రికార్డింగులు ఆపి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి.