41,180 కిలోమీటర్ల తర్వాత: మార్కాపురం దారిలో నా బండి

2021 దసరాకు కొన్నాను ఈ బండిని. 350 సీసీ, ఒకే సిలిండరు, అయిదు గేర్లు, 195 కిలోల బరువు, 13 లీటర్ల ట్యాంకు. కొన్న నెలకే రాసే సమీక్షలు నేనూ బోలెడు చదివాను. వాటిలో బండి ఎప్పుడూ మెరుస్తూ ఉంటుంది. నాది మెరవడం మానేసి చాలా కాలమైంది. ట్యాంకు మీద గీతలు, ఒకసారి మార్చిన కుడి అద్దం, కుడి సంచి చుట్టూ ఎంత కడిగినా పోని ఆవకాయ వాసన. ఆ వాసన సంగతి తర్వాత చెబుతాను.

దీని మీద అరకు వెళ్ళాను, హంపీ వెళ్ళాను. అయినా దీని గుణం తెలిసింది మాత్రం హైదరాబాదు నుంచి మార్కాపురం వెళ్ళే దారిలోనే. అక్కడ మా పెద్దమ్మ, పెదనాన్న ఉంటారు. కల్వకుర్తి, డిండి, మన్ననూరు దాటి, నల్లమల మధ్యగా శ్రీశైలం డ్యాం దగ్గర కృష్ణను దాటి, సున్నిపెంట నుంచి దోర్నాల దిగి వెళ్ళే దారి. నా మీటరు మీద 290 చిల్లర. లీటరుకు 34, 35 కిలోమీటర్లు ఇస్తుంది కాబట్టి బయలుదేరేటప్పుడు ట్యాంకు నింపితే మళ్ళీ బంకు మొహం చూడకుండా పెద్దమ్మ ఇంటికి చేరుతాను. అడవి దారిలో ఇది చిన్న సౌకర్యం కాదు.

మొదటిసారి ఉత్సాహం కొద్దీ తెల్లవారుజామున మూడింటికే బయలుదేరాను. అయిదుంబావుకు మన్ననూరు చేరితే గేటు మూసి ఉంది. పులుల అభయారణ్యం కావడంతో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా వాహనాలను వదలరు. ఆ ముప్పావు గంట లారీల వరస పక్కన నిలబడి రెండు టీలు తాగాను. ఇప్పుడు నాలుగింటికి లేచి తీరిగ్గా బయలుదేరుతాను. పెదనాన్న మాత్రం ప్రతిసారీ సాగర్, మాచర్ల, యర్రగొండపాలెం మీదుగా రమ్మంటారు. ఒకసారి వేసవిలో అలాగే వెళ్ళాను. మాచర్ల దాటాక ఎండకు హెల్మెట్టులో తల ఉడికిపోయింది. మళ్ళీ ఆ దారి ఎత్తలేదు.

డిండి దాకా రోడ్డు విశాలంగా ఉంటుంది. అక్కడ బండి ఎనభై, ఎనభై అయిదులో హాయిగా సాగుతుంది. తొంభై దాటితే ఫుట్‌రెస్టుల్లో సన్నటి వణుకు మొదలవుతుంది, కార్లను దాటడానికి ముందే ఆలోచించుకోవాలి. వేగం కావలసినవారికి ఇది బండి కాదు. అడవిలోకి వెళ్ళాక కథ మారుతుంది. మలుపు అవతల ఏముందో కనిపించదు, కోతులు రోడ్డు మధ్యలో కూర్చుని ఉంటాయి, ఫోనుకు సిగ్నలు ఉండదు. నలభై, యాభై మించి వెళ్ళకూడదు, వెళ్ళాలనీ అనిపించదు. ఆ నలభైలో నాలుగో గేరు వేసినా ఇంజను నసగదు, దడదడలాడదు. కొన్నప్పుడు ఈ గుణం నాకు పట్టలేదు. ఇప్పుడు బండి మార్చమని ఎవరైనా అంటే మొదట గుర్తొచ్చేది ఇదే.

సున్నిపెంట దాటాక శిఖరం వస్తుంది. అక్కడి నుంచి ఆలయ శిఖరాన్ని చూస్తే పునర్జన్మ ఉండదని నమ్మకం. ఆ తర్వాత దోర్నాల వైపు దిగే మలుపుల్లో మూడో గేరులో ఉంచి ఇంజనుతోనే ఆపుకుంటూ దిగాలి. బ్రేకునే నమ్ముకుంటే ఉన్న జన్మే సగంలో ముగుస్తుంది. బరువు వల్ల బండి మలుపులో తొందరగా వాలదు, కానీ వాలాక రాయిలా నిలబడుతుంది.

ఇక లోపాలు. సీటు నూటపాతిక కిలోమీటర్ల దాకా మెత్తనిది, ఆ తర్వాత చెక్క పీట. ఇన్నేళ్ళుగా మీద పాత దుప్పటి మడిచి కడుతున్నాను, అందం మాట దేవుడెరుగు. చెయిన్‌కు అయిదువందల కిలోమీటర్లకోసారి నూనె పట్టించకపోతే గోల చేస్తుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు ట్యూబు టైర్లు. చువ్వల చక్రాలు చూడముచ్చటగా ఉన్నాయని ఏరి కోరి తీసుకున్నాను. 2022 వానాకాలంలో వటవర్లపల్లి దాటాక వెనక టైరులో మేకు దిగి, గాలి రెండు నిమిషాల్లో మొత్తం పోయింది. గంటన్నర తర్వాత ఒక ట్రాలీ ఆటో ఆయన దయతలచి బండిని ఎక్కించుకుని దోమలపెంట దాకా తెచ్చారు. అప్పటి నుంచి రెండు ట్యూబులు, టైరు లివర్లు, చేతి పంపు నాతోనే ఉంటాయి. చక్రం విప్పి ట్యూబు మార్చడం నేర్చుకున్నాను, నలభై నిమిషాలు పడుతుంది. మళ్ళీ కొనేవాణ్ణయితే అల్లాయ్ చక్రాలే తీసుకుంటాను.

సామాను విషయానికి వస్తే, వెళ్ళేటప్పుడు ఎంత పడుతుందన్నది లెక్కే కాదు. వెళ్ళేటప్పుడు నా దగ్గర రెండు జతల బట్టలు, ఒక మిఠాయి డబ్బా ఉంటాయి. వచ్చేటప్పుడు పెద్దమ్మ అయిదు కిలోల కందిపప్పు, ఎండుమిరపకాయలు, గోంగూర పచ్చడి, చింతపండు, ఆవకాయ కడుతుంది. వద్దంటే, "బండికి లేని బరువు నీకెందుకురా?" అంటుంది. 2023 వేసవిలో ఆవకాయ స్టీలు డబ్బాను నేనే కుడి సంచిలో పెట్టాను. సైలెన్సరు ఉన్నదీ కుడివైపే. దోర్నాల ఘాటు ఎక్కుతుంటే కారపు పొగ ముక్కుకు తగిలింది. మూత కింద నుంచి నూనె కారి, సంచి దాటి సైలెన్సరు మీద పడి మాడుతోంది. శిఖరం దగ్గర ఆపితే ఒక కోతి సంచి మీదికి దూకింది, వాసన చూసింది, గట్టిగా తుమ్మి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి పచ్చళ్ళన్నీ ఎడమవైపే.

మార్కాపురం సందుల్లో ఇంత బరువైన బండిని వెనక్కి నెట్టడం మోకాళ్ళకు పరీక్ష. పెద్దమ్మను చెన్నకేశవస్వామి గుడికి తీసుకెళ్ళాలంటే బండిని వీధి అరుగు పక్కకు చేర్చాలి. ఆమె అరుగు మీద నుంచి నేరుగా సీటు మీదికి వస్తుంది. గుడి దగ్గర దిగడానికి మాత్రం నా భుజమే అరుగు. సీటు ఎంత ఎత్తో కంపెనీలు మిల్లీమీటర్లలో రాస్తాయి. అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఎక్కగలదా అన్నది ఎక్కడా రాయరు.

పెరడులో నేల మెత్తన. మొదటిసారి స్టాండు దిగబడి బండి ఒరిగింది, కుడి అద్దం మార్చవలసి వచ్చింది ఎలాగంటే, దాన్ని పట్టుకోబోయి నేనే అవతలి గోడ మీదికి తోశాను. పెదనాన్న లోపలికి వెళ్ళి అరచేతంత పలకరాయి తెచ్చి స్టాండు కింద పెట్టారు. ఆయన ముప్పై ఏళ్ళు పలకల ఫ్యాక్టరీలో పనిచేశారు. ఒకప్పుడు బడిపిల్లల పలకలంటే మార్కాపురమే. నోటు పుస్తకాలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది, ఇప్పుడు అదే రాయి గోడలకు, నేలకు అతికించే పలకలుగా విదేశాలకు పోతోంది. చెక్క చట్రం బిగించిన పాత పలక ఒకటి ఆయన వాకిలి పక్కన మేకుకు తగిలించి ఉంచారు. నేను వెళ్ళిన ప్రతిసారీ బండి దగ్గరికి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, మీటరులో ఎంత తిరిగిందో చూసి బలపంతో ఆ పలక మీద వేస్తారు. సర్వీసు పుస్తకంలో నేను రెండు చోట్ల ముద్ర వేయించుకోవడం మరిచాను. పలకలో ఒక్క అంకె కూడా తప్పలేదు.

పోయిన నెల వెళ్ళినప్పుడు మీటరు 41,180 చూపించింది. పలక మీద అంతకు ముందు వరస 33,740. పెదనాన్న పక్కనే తీసివేత వేశారు.

"ఏడువేల నాలుగువందల నలభై. రానూపోనూ ఆరువందలు తీసేసినా ఆరువేల ఎనిమిదివందల నలభై. ఎక్కడెక్కడ తిరిగావు నాయనా?"

హంపీ అన్నాను. ఆఫీసు అన్నాను. ఆయన తలూపి, తీసివేతను బొటనవేలితో చెరిపేసి, 41,180 మాత్రం ఉంచారు. పెద్దమ్మ లోపలి నుంచి, మజ్జిగ చల్లగా ఉండగానే తాగమని కేకేసింది.

మర్నాడు తెల్లవారుజామున డబ్బాలు ఎడమ సంచిలో సర్దుతుంటే చూశాను, పలకలో అడుగున ఒక్క వరసకే చోటు మిగిలింది. నిండిపోతోంది కదా అన్నాను.

"లోపల ఇంకోటి ఉందిలే" అన్నారు పెదనాన్న, స్టాండు కింది రాయి తీసి గోడకు ఆనిస్తూ.