డీఅడిక్షన్ సెంటర్ రివ్యూ: ఏసీ గదులు కాదు, డిశ్చార్జ్ కాగితం చూడండి

మా తమ్ముడు ఉండి వచ్చిన డీఅడిక్షన్ సెంటర్ గురించి ఇది. పేరు రాయడం లేదు. రాస్తే ఎవరి పిల్లాడు, ఏ ఇల్లు అని ఆరా తీసేవాళ్ళు తయారవుతారు, వాడేమో ఇప్పుడిప్పుడే మళ్ళీ పనికి వెళ్తున్నాడు. పేరు లేని రివ్యూ దేనికి అనకండి, ఇలాంటి చోట ఏం చూడాలో ఏం అడగాలో తెలిస్తే పేరుతో పెద్దగా పని లేదు. నా లెక్కలో ఐదుకి నాలుగు స్టార్లు.

దీనికంటే ముందు వెళ్ళిన ఇంకో సెంటర్ గురించి కాస్త చెప్పాలి, పోలిక కోసం. అక్కడ బిల్డింగ్ అదిరిపోయింది. తోట, ధ్యానం హాలు, గోడల నిండా మంచి మాటలు. డాక్టర్ మాత్రం ఎప్పుడో ఒకసారి కనిపించేవాడు. గదులకి బయట నుంచి గడియ. మందులేమైనా ఇస్తారా అని అడిగితే "మత్తు మాన్పించడానికి మళ్ళీ మందెందుకమ్మా, మనసు గట్టి చేస్తే అదే పోతుంది" అని మేనేజర్ గారి ఉపన్యాసం. బయటికొచ్చే రోజు సర్టిఫికెట్ చేతికిచ్చి ఫోటో తీశారు, అంతే, ఆ తర్వాత ఎలా ఉన్నాడని అడిగిన పాపాన పోలేదు. నెల తిరక్కుండా వాడు మళ్ళీ మొదలుపెట్టాడు. ఫోన్ చేస్తే "మీ వాడికే మారాలని లేదండీ" అని తేల్చేశారు.

ఇక ఈ సెంటర్. చూడ్డానికి ఏమీ ఉండదు, పాత బిల్డింగ్, పెచ్చులూడిన గోడలు. కానీ చేర్చుకునే రోజే తేడా తెలిసిపోయింది. నర్సు ఒక ఫారం ముందు పెట్టుకుని వరసగా అడిగింది: ఏం తీసుకుంటున్నావు, రోజుకి ఎంత, ఆఖరిసారి ఎప్పుడు, దాంతో పాటు తాగుతావా, నిద్రమాత్రలు వేసుకుంటావా. తమ్ముడు నా వైపు చూసి నసిగాడు. ఆవిడ వెంటనే "అక్కా, మీరు ఐదు నిమిషాలు బయట కూర్చుంటారా" అంది. నేను బయటికొచ్చాక లోపల నుంచి వాడి గొంతు ఆగకుండా వినిపిస్తూనే ఉంది.

ఆ ప్రశ్నలేమీ ఊరికే అడిగేవి కాదట. రోజూ విపరీతంగా తాగేవాళ్ళు, ఎక్కువ కాలంగా నిద్రమాత్రలు మింగేవాళ్ళు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, మతిభ్రమ రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. అలాంటివాళ్ళని గదిలో పెట్టి తాళం వేయడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. మా వాడిది యాక్సిడెంట్ తర్వాత నొప్పి మాత్రలతో మొదలై అంతకంటే గట్టివాటి దాకా వెళ్ళిన కథ, అంటే ఓపియాయిడ్లు, నల్లమందు జాతివి. వాటి విత్‌డ్రాయల్, అంటే మానేసినప్పుడు ఒంటికి వచ్చే బాధ, నరకం చూపిస్తుంది కానీ, వాంతులు విరేచనాలతో ఒంట్లో నీళ్ళు పోకుండా చూసుకుంటే సాధారణంగా ప్రాణం మీదికి రాదు. ఒక రోజులో మొదలవుతుంది, రెండు మూడు రోజులకి తారాస్థాయికి వెళ్తుంది, వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. వాడు దుప్పటి ముసుగేసుకుని, ముక్కు కారుతూ, ఆపకుండా ఆవలిస్తూ, రోమాలు నిక్కబొడుచుకుని, కాళ్ళు వాటంతటవే మంచానికేసి తన్నుకుంటుంటే నేను చూడలేకపోయాను.

ఇక్కడ బుప్రినార్ఫిన్ అని ఒక మందు ఇచ్చారు, అదీ ఓపియాయిడే గానీ విత్‌డ్రాయల్ బాధనీ వాడాలన్న కోరికనీ తగ్గిస్తుంది. నాలుక కింద పెట్టుకుని కరిగేదాకా నోరు మెదపకూడదు, నర్సు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది, చివర్లో నాలుక పైకెత్తి చూపించాలి. ఈ మందు, మెథడోన్ అని ఇంకోటి, 2005లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలోకి ఎక్కాయి. అయినా మా బాబాయ్ "ఒక మత్తు వదిలించి ఇంకోటి తగిలిస్తున్నారు" అని డాక్టర్‌తో గొడవకి దిగాడు. డాక్టర్ విసుక్కోలేదు. "మీరు బీపీ మాత్ర వేసుకుంటారా సార్?" అని అడిగాడు. వేసుకుంటానన్నాడు. "మానేస్తే?" "మళ్ళీ పెరుగుతుంది." "అప్పుడు మిమ్మల్ని సిగ్గు లేదని తిట్టరు కదా, మళ్ళీ మాత్ర రాస్తారు." అమెరికా డ్రగ్స్ పరిశోధన సంస్థ లెక్కల ప్రకారం చికిత్స తర్వాత మళ్ళీ వాడకంలో పడేవాళ్ళు 40 నుంచి 60 శాతం ఉంటారట, బీపీ, ఆస్తమా రోగుల్లో మళ్ళీ తిరగబెట్టేది కూడా ఇంచుమించు అంతే, ఇంకాస్త ఎక్కువే. బాబాయ్ ఒప్పుకోలేదు గానీ నోరు మాత్రం మూతపడింది.

నాలుగు స్టార్లలో రెండు వాళ్ళ ఫ్యామిలీ క్లాసుకే ఇస్తాను. మేము వెళ్ళింది "ఓపిక పట్టండి, ప్రేమగా చూసుకోండి" అనే నస వినడానికే అనుకుని. కౌన్సెలర్ అడిగిన మొదటి ప్రశ్న: "మీ వాడు ఇంటికొచ్చాక సాయంత్రం ఆరింటికి ఎక్కడికి వెళ్తాడు?" గదిలో ఒక్కరి దగ్గరా సమాధానం లేదు. పాత ఫ్రెండ్స్ ఉన్నది అదే వీధిలో, సరుకు దొరికేది అదే మలుపులో, జేబులో డబ్బులు, చేతిలో ఖాళీ సమయం. అప్పుడు వియత్నాం సంగతి చెప్పాడు. 1970ల మొదట్లో అక్కడున్న అమెరికా సైనికుల్లో చాలామంది హెరాయిన్‌కి అలవాటుపడ్డారు, వీళ్ళంతా దేశానికి తిరిగొస్తే ఏమవుతుందోనని అమెరికా ప్రభుత్వానికి ఒకటే టెన్షన్. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వాళ్ళు తిరిగొచ్చాక వెళ్ళి చూస్తే, అక్కడ బానిసైనవాళ్ళలో మొదటి ఏడాదిలో మళ్ళీ బానిసైంది దాదాపు 5 శాతమే. ఊరు మారిస్తే రోగం పోతుందని దీనర్థం కాదని ఆయనే అన్నాడు. చుట్టూ ఉన్న మనుషులు, వేళలు, పని మారితే మందుకి, మనసుకి ఎంత సాయమో చూడమన్నాడు.

డిశ్చార్జ్ కాగితం అని టైటిల్‌లో రాసింది దీని గురించే. ఇక్కడ మందుల చీటీతో పాటు ఇంకో కాగితం ఇస్తారు. పొద్దున ఎవరు తోడుంటారు, సాయంత్రం ఎక్కడ గడుపుతాడు, జీతం ఎవరి చేతికి వస్తుంది, ఏ దారిలో వెళ్ళకూడదు, వాడాలనిపించినప్పుడు ముందు ఎవరికి ఫోన్ చేస్తాడు, అన్నీ వాడే కూర్చుని రాయాలి, మనం రాసి పెడితే తీసుకోరు. అడుగున ఎర్ర ఇంకుతో ఒక హెచ్చరిక: కొన్నాళ్ళు మానేశాక ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, అందుకని మళ్ళీ వాడితే పాత డోసే ప్రాణం తీయొచ్చు. ఓవర్‌డోస్‌తో చనిపోయే ముప్పు ఇలా మానేసి వచ్చిన కొత్తలో బాగా ఎక్కువని మొదటి సెంటర్‌లో ఒక్కరు కూడా చెప్పలేదు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత ఈ సెంటర్ మనిషి ఒకాయన, మా అనుమతితోనే, తమ్ముడి పేరెత్తకుండా, మా వీధి మీటింగ్‌కి వచ్చాడు. అక్కడ మామూలే, తలో మాట. ఒక పెద్దాయన "అలాంటోళ్ళని ఖాళీ చేయిస్తే దరిద్రం వదిలిపోతుంది కదా" అన్నాడు. "ఖాళీ చేయిస్తే ఎక్కడికెళ్తాడు సార్, అమ్మేవాడి పంచకే" అన్నాడీయన. పుర్రె బొమ్మల పోస్టర్లు అంటిద్దామన్నారు ఇంకొందరు. భయపెట్టే ప్రచారం, పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి పోలీసు చేత పాఠాలు చెప్పించడం అమెరికాలో 1983 నుంచి డేర్ అనే పేరుతో చేశారు, బోలెడు డబ్బు పోశారు, తీరా అధ్యయనాలు చేస్తే పిల్లల వాడకం మీద దాని ప్రభావం నామమాత్రమని తేలింది. ఐస్‌లాండ్ వాళ్ళు వేరే దారి పట్టారు. పిల్లల సాయంత్రాలు నింపారు, ఆటలకీ సంగీతానికీ ప్రభుత్వ డబ్బు పెట్టారు, తల్లిదండ్రులే రాత్రిపూట వీధుల్లో తిరిగి చూసుకున్నారు. 15, 16 ఏళ్ళ పిల్లల్లో గత నెలలో తాగి మత్తెక్కామన్నవాళ్ళు 1998లో 42 శాతం, 2016కి 5 శాతం. అది తాగుడు లెక్కే అనుకోండి, అయినా పోస్టర్ల కంటే నయం.

మా వీధిలో అద్భుతాలేమీ జరగలేదు. గ్రౌండ్‌లో కాలిపోయిన లైట్లు మార్చారు, రాత్రి తొమ్మిది దాకా వాలీబాల్ ఆడుతున్నారు, మా వాడూ వెళ్తున్నాడు. ప్రింటింగ్ షాపు ఆయన వాడిని అన్నీ తెలిసే పనిలోకి తీసుకున్నాడు, గల్లాపెట్టె దగ్గర మాత్రం కూర్చోబెట్టడు. నాకు అదే నచ్చింది, జాలిపడి నెత్తినెక్కించుకోలేదు, వెలేయనూ లేదు. సెంటర్ వాళ్ళు మాకు ఓవర్‌డోస్ గుర్తించడం కూడా నేర్పారు: ఎంత తట్టినా లేవకపోవడం, ఊపిరి బాగా నెమ్మదించడం, పెదాలు నీలమవడం, కంటిపాప గుండుసూది మొనంత కావడం. వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి, నాలోక్సోన్ స్ప్రే (ఓపియాయిడ్ల ప్రభావాన్ని కాసేపు ఆపే మందు) దొరికితే ముక్కులో కొట్టాలి, ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. లేచి కూర్చున్నాడు కదా అని వదిలేసి వెళ్ళకూడదు, ఎందుకంటే నాలోక్సోన్ పనిచేసేది అరగంట నుంచి గంటన్నర దాకానే, అది దిగిపోయాక మళ్ళీ ఊపిరి ఆగొచ్చు.

తగ్గించిన ఆ ఒక్క స్టార్ సంగతి. రాత్రిపూట ఫోన్ ఎత్తరు, వాడాలనిపించేది ఎక్కువగా ఆ వేళల్లోనే. గ్రూప్ క్లాసుల్లో ఒక సార్ గంటసేపు ఆయన గొప్పలే చెప్పుకుంటాడు. కాలేజీ పిల్లల్నీ, ముప్పై ఏళ్ళుగా తాగుతున్నవాళ్ళనీ ఒకే హాల్లో కూర్చోబెడితే ఎవరి మాట ఎవరికీ ఎక్కదు. ఇక ఆడవాళ్ళకి వార్డే లేదు. నేను కూర్చున్న క్లాసులో ఒకావిడ కూతురి కోసం వచ్చింది, చంటిబిడ్డ ఉన్న కూతురు, బిడ్డతో సహా చేర్చుకునే చోటు కోసం తిరుగుతోంది. వీళ్ళు ఆమెకి వారానికొకసారి వచ్చి చూపించుకుని వెళ్ళమని చీటీ రాసిచ్చారు. మీ ఇంట్లో సమస్య ఆడపిల్లదైతే ముందు ఫోన్ చేసి ఆ ఒక్క విషయం కనుక్కుని వెళ్ళండి.